‘పొద్దు’ అక్షరంతో కంజి మొదలుపెట్టడం: నాలుగు గీతల నుంచి క్యాలెండర్ దాకా

జపాన్‌లో ఒకటో తరగతి పిల్లలకు నేర్పే కంజి, అంటే చైనా నుంచి వచ్చిన భావాక్షరాలు, 80. ప్రాథమిక పాఠశాల ఆరేళ్లూ ముగిసేసరికి 1026. పత్రికలకూ ప్రభుత్వ కాగితాలకూ ప్రామాణికంగా పెట్టుకున్న జాబితాలో 2136. ఈ అంకెలు చూసి చాలామంది చేసే పని, రోజుకు ఇన్ని అక్షరాలని లెక్కగట్టి జాబితా బట్టీ పట్టడం. పక్షం తిరిగేసరికి ఆకారాలు ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి, ఉచ్చారణలు అసలే గుర్తుండవు. అక్షరాన్ని విడిగా నేర్చుకోవడమే దీనికి కారణం. కంజికి ఒంటరిగా ఉన్నప్పుడు స్థిరమైన పలుకంటూ లేదు. అది ఏ మాటలో కూర్చుంటే ఆ మాటే దానికి పలుకు ఇస్తుంది. కాబట్టి నేర్చుకోవలసింది మాటలు. వాటి వెంట అక్షరం దానంతటదే వస్తుంది.

ఈ పద్ధతిని ఒక్క అక్షరం మీద పూర్తిగా చూద్దాం. సూర్యుడు, రోజు అనే రెండు అర్థాలున్న ‘హి’ అక్షరం అది. తెలుగువాళ్లకు ఈ రెండర్థాలు వింత కాదు. ‘పొద్దు పొడిచింది’ అన్నప్పుడు పొద్దు సూర్యుడు, ‘పొద్దంతా పని చేశాడు’ అన్నప్పుడు పొద్దు రోజు. ‘హి’ సరిగ్గా ఇలాగే నడుస్తుంది. ఒకటో తరగతి 80లో ఇది ఒకటి. క్యాలెండర్, మందుల సంచి, రైలు సమయపట్టిక, భోజనశాల బోర్డు, దరఖాస్తు ఫారం, ఎక్కడ చూసినా ఉంటుంది. మొదటి కంజిగా ఇంతకంటే మంచిది దొరకదు.

మొదలుపెట్టే ముందు పలుకును మాత్రమే చూపే జపనీస్ లిపి హిరగానలోని 46 అక్షరాలూ చదవడం వచ్చి ఉండాలి. రాకపోతే ముందు ఆ పని చూడండి. హిరగాన లేకుండా కంజిలోకి దిగితే ప్రతి పలుకునూ ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకోవలసి వస్తుంది, దీర్ఘాలన్నీ పోతాయి. ఆపైన ఫోన్‌లో జపనీస్ కీబోర్డు పెట్టుకోండి. అక్షరాన్ని ఇక్కడ అచ్చులో చూపించడం లేదు. కింది వివరణ చదివి మీ చేత్తో గీసి, తర్వాత కీబోర్డులో ‘హి’ అని కొట్టి, వచ్చిన వరసలో అది ఏదో పోల్చుకోండి. చూసి దించిన బొమ్మ కంటే ఇలా కట్టిన బొమ్మ గట్టిగా నిలుస్తుంది.

పలుకుల గురించి రెండు మాటలు. ఇక్కడ జపనీస్ మాటలన్నీ తెలుగు లిపిలోనే రాశాం. హ్రస్వం ఉన్నచోట హ్రస్వం, దీర్ఘం ఉన్నచోట దీర్ఘం, ఉన్నదున్నట్టు చదవండి. ఒ, ఓ తేడా, ఎ, ఏ తేడా, ఒత్తుల తేడా జపనీస్‌లో అర్థాన్ని మారుస్తాయి. ఇవన్నీ మన లిపిలో ముందే ఉన్నాయి. ‘త్సు’ అంటే ‘చుట్టం’, ‘చుక్క’ అన్నప్పుడు చాలామంది నోట మొదట వచ్చే ధ్వని. ‘హిజుకె’ లాంటి మాటల్లోని ‘జు’ను ‘జున్ను’లో లాగా పలకండి. ‘ఫు’ అనేటప్పుడు కింది పెదవి పళ్లకు తగలకూడదు. వేడి పాలను ఊదినట్టు రెండు పెదవుల మధ్య నుంచి గాలి వదలాలి.

మొదటి అడుగు: గీయడం

లెక్కలకు వాడే గళ్ల నోటుపుస్తకం తీసుకోండి. అడ్డంగా రెండు, నిలువుగా రెండు, మొత్తం నాలుగు గళ్లు కలిపితే ఒక అక్షరానికి చోటు. మధ్యలో పడే అడ్డగీత, నిలువుగీత మీకు ఆనవాళ్లు. జపాన్ పిల్లల నోటుపుస్తకాల్లోనూ గడి మధ్యలో ఇలాంటి చుక్కల గీతలే ఉంటాయి.

అక్షరం ఆకారం నిలువుగా నిలబెట్టిన పెట్టె, లోపల సరిగ్గా మధ్యలో ఒక అడ్డగీత. అంతే. ఎత్తు వెడల్పు కంటే ఎక్కువ ఉండాలి. గడి వెడల్పులో సుమారు మూడింట రెండు వంతులు వాడి, ఎత్తును దాదాపు పూర్తిగా వాడండి. గీతలు నాలుగు.

1. ఎడమ నిలువుగీత, పైనుంచి కిందికి.
2. దాని పై కొస నుంచి కుడికి అడ్డంగా వెళ్లి, పెన్ను ఎత్తకుండా మూల తిరిగి కిందికి. అడ్డం, నిలువు కలిపి ఇది ఒకే గీత. కింద ఆగిపోవాలి, లోపలికి కొక్కెం తిప్పకూడదు.
3. మధ్య అడ్డగీత, ఎడమ నుంచి కుడికి. గడి మధ్యగీత మీద పడాలి.
4. అడుగు గీత, ఎడమ నుంచి కుడికి. పెట్టె మూసుకుంటుంది. రెండు నిలువుగీతల కాళ్లూ ఈ గీత కిందికి వెంట్రుకవాసి దిగి ఉంటాయి.

మూడో గీత కుడి గోడకు తగలాలా వద్దా అని కొత్తవాళ్లు తెగ మథనపడతారు. తగిలినా తగలకపోయినా తప్పు కాదు. చేతిరాతలో ఇలాంటి తేడాలను తప్పుగా పట్టనక్కర్లేదని జపాన్ సాంస్కృతిక వ్యవహారాల సంస్థ 2016లో ఇచ్చిన మార్గదర్శకాలు చెబుతున్నాయి. అసలు తప్పులు వేరే. పెట్టెను ఒకే చుట్టుగా గీసి లోపల గీత కొట్టడం వాటిలో మొదటిది. విడిగా రాసినప్పుడు అదేమంత కనిపించదు గానీ, రేపు ఇదే ఆకారం 12, 18 గీతల అక్షరంలో ఓ మూల ఇరుక్కుని కూర్చున్నప్పుడు చెయ్యి తడబడుతుంది. చివరి గీతను మూడోదిగా వేసి, తర్వాత మధ్యగీత వేయడం రెండోది. లోపలి గీత ముందు, మూసే గీత చివర: పెట్టె ఆకారం ఉన్న కంజి చాలావాటికి ఇదే సూత్రం.

పదిసార్లు చూసి రాయండి, పేజీ తిప్పి పదిసార్లు చూడకుండా రాయండి. నూరుసార్లు రాయనక్కర్లేదు. ఇరవై దాటాక చెయ్యి రాస్తుంటుంది, బుర్ర ఎక్కడో ఉంటుంది.

ఆకారం ఎలా వచ్చిందో తెలిస్తే గుర్తుండటం తేలిక. ప్రాచీన చైనాలో ఎముకల మీద చెక్కిన రూపాల్లో ఇది గుండ్రటి సూర్యుడు, మధ్యలో ఒక గుర్తు. గట్టి ఎముక మీద గుండ్రాలు తిప్పడం కష్టం, తర్వాత కుంచెరాతలోనూ మూలలే కుదిరాయి. ఆ గుండ్రమే పెట్టె అయింది, నడిమి గుర్తే అడ్డగీత అయింది.

రెండో అడుగు: ఇప్పటికే తెలిసిన పేర్లలో దీన్ని వెతకడం

కొత్త మాట ఒక్కటీ నేర్చుకోకముందే ఈ అక్షరం పలుకులు కొన్ని మీ చెవిన పడే ఉన్నాయి. ఏసీల మీద కనిపించే హిటాచీ పేరులో మొదటి అక్షరం ఇదే, అక్కడ పలుకు ‘హి’. అసాహి అన్న పేరు ‘అస’ అంటే ఉదయం, ‘హి’ అంటే సూర్యుడు, మొత్తం ఉదయసూర్యుడు. కార్ల నిస్సాన్‌లో ఇదే అక్షరం ‘నిస్’ అయింది. వ్యాపార వార్తల్లో వచ్చే నిక్కీ సూచీలో ‘నిక్’ అయింది. నిప్పొన్ అంటే జపాన్ దేశం పేరే, అందులో ‘నిప్’.

నిస్, నిక్, నిప్ మూడూ ఒక్క ‘నిచి’ రూపాంతరాలే. ‘నిచి’ తర్వాత క, స, త, హ ధ్వనులతో మొదలయ్యే చైనా మూలపు పలుకు వస్తే ‘చి’ జారిపోయి తర్వాతి హల్లు ఒత్తుతుంది. నిచి, కి కలిస్తే ‘నిక్కి’, అంటే దినచర్య పుస్తకం. నిచి, తే కలిస్తే ‘నిత్తే’, అంటే కార్యక్రమాల తేదీల పట్టిక. నిచి, హొన్ కలిసిన చోట ‘హొ’ కాస్తా ‘ప్పొ’ అయి నిప్పొన్. ఇది మెత్తబడి నిహొన్ కూడా అయింది. రెండూ ఒప్పే. ఒక్కటే ఉండాలని నిర్ణయించనక్కర్లేదని జపాన్ మంత్రివర్గం 2009లో తేల్చేసింది. మామూలు మాటల్లో నిహొన్ వాడండి. ఊరిపేర్ల దగ్గర మాత్రం జాగ్రత్త: ఒకే అక్షరాలతో రాసే వంతెన పేట టోక్యోలో నిహొంబషి, ఒసాకాలో నిప్పొంబషి.

మూడో అడుగు: నాలుగు పలుకులకు నాలుగు చోట్లు

నిఘంటువు తెరిస్తే ఈ అక్షరం పక్కన నిచి, జిత్సు, హి, క అని నాలుగు పలుకులు ఉంటాయి. వీటిని నాలుగు పేర్లుగా బట్టీ పట్టకండి. ఏది ఎక్కడ వస్తుందో చూడండి.

అక్షరం ఒంటరిగా నిలబడితే, లేదా పక్కన అచ్చ జపనీస్ మాట ఉంటే ‘హి’. ‘ఈ హి’ అంటే మంచి రోజు. ‘గొమి నొ హి’ అంటే చెత్త వేసే రోజు. ‘హియకె’ అంటే ఎండకు నల్లబడటం, ‘హిగస’ అంటే ఎండ గొడుగు, ‘హిగఎరి’ అంటే వెళ్లిన రోజే తిరిగి వచ్చే ప్రయాణం, ‘యూహి’ అంటే అస్తమించే సూర్యుడు. ఈ మాటల్లో సగం ఎండ, సగం రోజు అని గమనించండి. పొద్దు గుర్తుంటే ఏది ఏదో తికమక ఉండదు.

మాట చివర చేరినప్పుడు ‘హి’ చాలాసార్లు ‘బి’ అవుతుంది. పుట్టినరోజు ‘తంజోబి’, దుకాణానికి వారపు సెలవు ‘తేక్యూబి’, జీతం రోజు ‘క్యూర్యోబి’. కూర, కాయ కలిసి కూరగాయ అయినట్టు, తల్లి, తండ్రి కలిసి తల్లిదండ్రులు అయినట్టు, జపనీస్‌లోనూ సమాసంలో రెండో మాట మొదటి హల్లు సరళమవుతుంది. హ ఎందుకు బ అవుతుందంటే ఆ హ పూర్వం ప. ప సరళమైతే బ. తెలుగు వ్యాకరణం చదివినవాళ్లకు ఈ ఒక్క చోట చదువు కలిసివస్తుంది.

చైనా మూలపు జంటమాటల్లో ఈ అక్షరం ముందుంటే సాధారణంగా ‘నిచి’: నిచిజి (తేదీ, సమయం), నిచిజో (దైనందిన జీవితం). వెనకుంటే ఎక్కువగా ‘జిత్సు’: హేజిత్సు (పనిదినం), క్యూజిత్సు (సెలవురోజు), షుకుజిత్సు (పండుగ సెలవు, జాతీయంగా ఏటా 16), తోజిత్సు (ఆ రోజునే), హొంజిత్సు (ఈరోజు, బోర్డుల మీద మర్యాదగా). దీన్ని గట్టి నియమం అనుకోకండి. ప్రతిరోజూ అనే ‘మైనిచి’లో వెనకున్నా నిచి. అందుకే నియమాన్ని ఊహకు వాడుకుని, మాటను మాటగా నేర్చుకోవాలి.

మిగిలిన ‘క’ తేదీల్లో, రోజుల లెక్కలో మాత్రమే వస్తుంది. దాని కథ కాస్త పెద్దది, విడిగా చూద్దాం.

నాలుగో అడుగు: వారం

ఆదివారం జపనీస్‌లో ‘నిచియోబి’. రాస్తే మూడు అక్షరాలు, మొదటిదీ చివరిదీ మన అక్షరమే. మొదట నిచి, అర్థం సూర్యుడు. చివర బి, అర్థం రోజు. ఒక్క మాటలో ఒక్క అక్షరం రెండు పలుకులతో, రెండు అర్థాలతో. ఈ మాటను పదిసార్లు రాస్తే అక్షరాన్ని ఇరవైసార్లు రాసినట్టే.

మిగతా వారాలకు మొదటి అక్షరం మారుతుంది, ‘యోబి’ అలాగే ఉంటుంది: గెత్సుయోబి (సోమ), కయోబి (మంగళ), సుఇయోబి (బుధ), మొకుయోబి (గురు), కిన్‌యోబి (శుక్ర), దొయోబి (శని). మొదటి అక్షరాలు వరసగా చంద్రుడు, నిప్పు, నీరు, చెట్టు, లోహం, మట్టి. ఇవి జపనీస్‌లో గ్రహాల పేర్లు కూడా: కుజుడు నిప్పు తార, బుధుడు నీటి తార, ఇలా. అంటే వరస మన పంచాంగంలోని గ్రహాల వరసే. కాకతాళీయం కాదు. భారతీయ జ్యోతిషం అమోఘవజ్రుడి చైనా అనువాదం ద్వారా, దాన్ని 806లో చైనా నుంచి తీసుకువచ్చిన బౌద్ధాచార్యుడు కూకై ద్వారా జపాన్ చేరింది. ఆదివారం ఆఫీసులకు సెలవు ఇవ్వడం మాత్రం చాలా తర్వాత, 1876లో మొదలైంది.

కాబట్టి వారాలను ఇంగ్లీషు మీదుగా కాకుండా నేరుగా తెలుగు నుంచి పట్టుకోండి. సోమ అంటే చంద్రుడు, గెత్సు. మంగళవారపు అంగారకుడిలో అంగారం ఉంది, నిప్పుకణం, క. శుక్రవారం లక్ష్మి, బంగారం. కిన్ అక్షరానికి బంగారమనే అర్థమూ ఉంది. బుధ, గురు, శనులకు ఇంత తేలిక దారి లేదు, వాటిని నోటికి పట్టాల్సిందే. క్యాలెండర్లలో, బోర్డుల మీద వారాన్ని ఒక్క అక్షరానికి కుదించి బ్రాకెట్లో వేస్తారు. బ్రాకెట్లో మన పెట్టె కనిపిస్తే అది ఆదివారం.

ఐదో అడుగు: తేదీలు

ఇక్కడే చాలామంది ఆగిపోతారు, కాబట్టి తొందరపడకండి. నెలలో 1 నుంచి 10 వరకు తేదీలకు చైనా అంకెలు వాడరు, పాత జపనీస్ అంకెలు వాడతారు, చివర ‘క’ చేరుతుంది. రాయడానికి మాత్రం అంకె, దాని పక్కన మన పెట్టె, అంతే.

1 త్సుఇతచి, 2 ఫుత్సుక, 3 మిక్క, 4 యొక్క, 5 ఇత్సుక, 6 ముఇక, 7 ననొక, 8 యోక, 9 కొకొనొక, 10 తోక.

ఒకటో తేదీ ఒక్కటే ‘క’ లేకుండా ఉంది. ‘త్సుకి’ అంటే చంద్రుడు, నెల. ‘తచి’ అంటే బయల్దేరడం. చాంద్రమాసం మొదలయ్యే రోజు, మన పాడ్యమి లాంటిది.

నాలుగు తెలుగు విభక్తి ‘యొక్క’లాగే వినిపిస్తుంది, పది అచ్చంగా ‘తోక’. పదితో జాబితా ముగుస్తుంది కాబట్టి తోక సరైన చోటే ఉంది. ఈ రెండూ ఊరికే వస్తాయి. ఐదును ‘ఇసుక’తో పట్టుకోవచ్చు గానీ ‘త్’ మింగేయకండి, ఎదుటివాళ్లకు అర్థం కాదు. ఇంకో ఆనవాలు పాత జపనీస్ అంకెల్లోనే ఉంది. రెట్టింపు అంకెలు ఒకే హల్లుతో మొదలవుతాయి: మూడు మి, ఆరు ము, నాలుగు యొ, ఎనిమిది య. అందుకే మిక్క, ముఇక జంట. యొక్క, యోక జంట.

ఈ చివరి జంటే కొంప ముంచుతుంది. యొక్కలో ఒ హ్రస్వం, క ఒత్తు. యోకలో ఓ దీర్ఘం, ఒత్తు లేదు. ఇంగ్లీషు అక్షరాల్లో నేర్చుకున్నవాళ్లు రెండింటినీ ఒకేలా పలికి నాలుగో తేదీ అపాయింట్‌మెంట్‌కు ఎనిమిదిన వెళ్తుంటారు. తెలుగు చెవికి ఈ తేడా పట్టుకోవడం తేలిక, పలికేటప్పుడు దాన్ని చెడగొట్టకపోతే చాలు. ఎంత వచ్చినా ఫోన్‌లో తేదీ చెప్పేటప్పుడు వారం కూడా చెప్పండి: ‘యొక్క నొ మొకుయోబి’, నాలుగో తేదీ గురువారం. జపనీయులూ ఇదే చేస్తారు.

11 నుంచి 31 వరకు మామూలు అంకెకు ‘నిచి’ చేరుస్తారు: జూఇచినిచి, జూనినిచి, సంజూనిచి. మినహాయింపులు మూడే. 14 జూయొక్క, 24 నిజూయొక్క, 20 హత్సుక. ఇరవై ఏళ్ల వయసుకు ‘హతచి’ అనే పాత మాట ఉంది, హత్సుక దాని చుట్టమే. ‘హచి’ అంటే ఎనిమిది కాబట్టి హత్సుక వినగానే ఎనిమిదో తేదీ అనుకోవడం కొత్తవాళ్ల పొరపాటు. ‘హచినిచి’ అనే తేదీ లేనే లేదు. 19, 29 తేదీల్లో తొమ్మిదికి ‘కు’ వస్తుంది, ‘క్యూ’ కాదు: జూకునిచి, నిజూకునిచి. 17 జూషిచినిచి. ఇది ఫోన్‌లో 11లా వినిపిస్తుందని చాలామంది జూననని‌చి అంటారు, అర్థమైతే చాలు.

ఇవే మాటలు తేదీనీ చెబుతాయి, ఎన్ని రోజులో కూడా చెబుతాయి. ఫుత్సుక అంటే రెండో తేదీ, రెండు రోజులు కూడా. ఒక్క ఒకటి దగ్గర దారులు విడిపోతాయి. ఒకటో తేదీ త్సుఇతచి, ఒక రోజు ఇచినిచి. రాతలో రెండూ ఒకటే. మందుల సంచి మీద ఆ రాత పక్కన ‘3 సార్లు’ అని ఉంటే అది ‘ఇచినిచి సంకై’, రోజుకు మూడుసార్లు. దాన్ని త్సుఇతచి అని చదివితే ఒకటో తారీఖున మాత్రమే మూడుసార్లు వేసుకోమన్నట్టు. అదే సంచి మీద ‘ఇత్సుకబున్’ అంటే ఐదు రోజులకు సరిపడా.

నేర్చుకునే క్రమం ఇలా పెట్టుకోండి. మొదటి రోజు 1 నుంచి 5, రెండో రోజు 6 నుంచి 10, మూడో రోజు 14, 20, 24. తర్వాత క్యాలెండర్ ముందు పెట్టుకుని, కళ్లు మూసి ఏదో తేదీ మీద వేలు పెట్టి, తేదీ, వారం రెండూ చెప్పండి. ఇంట్లోవాళ్ల పుట్టినరోజులు, పెళ్లిరోజులు, కరెంటు బిల్లు గడువు, జీతం పడే రోజు జపనీస్‌లో చెప్పండి. మీకు నిజంగా సంబంధమున్న తేదీ మర్చిపోవడం కష్టం. మూడు రోజులకే ఆపేసేవాళ్లకు జపనీస్‌లో ‘మిక్క బోజు’ అని పేరు, మూడు రోజుల సన్యాసి. మన ఆరంభశూరుడే.

ఆరో అడుగు: విడగొట్టకూడని మాటలు

నిన్న, నేడు, రేపు అనే మూడు మాటల్లోనూ రెండో అక్షరం మన పెట్టే. కానీ వీటి పలుకును అక్షరాలకు పంచలేం. ఈరోజు ‘క్యో’, నిన్న ‘కినో’, రేపు ‘అషిత’. క్యోలో ఏ భాగం మొదటి అక్షరానిది, ఏ భాగం రెండోదానిది అని వెతికితే సమయం వృథా. జంటకు కలిపి ఒకే పలుకు. ఒకటో తేదీ త్సుఇతచి, ఇరవై హత్సుక కూడా ఈ జాతివే.

ఈరోజు అనే అక్షరాల జంటకే ‘కొన్నిచి’ అనే ఇంకో పలుకు ఉంది. పగటి పలకరింపు ‘కొన్నిచివ’ అక్కడి నుంచి వచ్చిందే. పలకరింపును హిరగానలోనే రాయడం మామూలు, కంజిలో రాస్తే చదివేవాళ్లు ‘క్యో వ’, ఈరోజైతే, అని చదువుకుంటారు. రేపుకు ‘అసు’, ‘మ్యోనిచి’ అనే పలుకులూ ఉన్నాయి. మ్యోనిచి ఆఫీసు ఉత్తరాల్లో, ప్రకటనల్లో వినిపిస్తుంది. మాట్లాడటానికి అషిత చాలు.

ఏడో అడుగు: కాగితాల మీద, బోర్డుల మీద పట్టుకోవడం

జపాన్‌లో కొత్తగా ఇల్లు అద్దెకు తీసుకున్నవాళ్ల చేతికి ముందుగా వచ్చే కాగితాల్లో చెత్త క్యాలెండర్ ఒకటి. కాలే చెత్త ఏ వారాల్లో, సీసాలు, డబ్బాలు నెలలో ఎన్నో బుధవారం అని అందులో ఉంటుంది. చదవడానికి దీనికి మించిన మొదటి పాఠం లేదు, ఎందుకంటే తప్పు చదివితే సంచి అక్కడే మిగిలిపోతుంది.

రైలు, బస్సు సమయపట్టికలు చాలావరకు రెండుగా ఉంటాయి: ‘హేజిత్సు’ ఒకటి, శనివారాలకూ సెలవులకూ ‘క్యూజిత్సు’ ఇంకొకటి. శనివారం రాత్రి హేజిత్సు వరస చూసుకుని చివరి రైలు పోగొట్టుకోవడం కొత్తవాళ్లకు మామూలే. రెండు మాటల్లోనూ చివరి అక్షరం మన పెట్టె కాబట్టి, మొదటి అక్షరం చూడటం అలవాటు చేసుకోండి. సెలవులో మొదటిది, మనిషి పక్కన చెట్టు: చెట్టుకు ఆనుకుని సేదతీరే మనిషి.

భోజనశాలల ముందు ‘హిగవరి తేషొకు’ అని కనిపిస్తే రోజుకో వంటకంతో మారే భోజనం. తరచుగా తక్కువ ధరకే వస్తుంది, త్వరగా కూడా. శాకాహారులు మాత్రం ఆ రోజు ఏమిటో అడిగి తీరాలి. తలుపు మీద ‘తేక్యూబి’, పక్కన బ్రాకెట్లో వారం ఉంటే ఆ వారం మూత. మందుల షాపులో ‘హియకెదొమె’ అంటే ఎండ తగలకుండా రాసుకునే క్రీము.

దరఖాస్తుల్లో ‘సేనెంగప్పి’ అనే గడి ఉంటుంది: పుట్టిన సంవత్సరం, నెల, తేదీ. ఇక్కడ మన అక్షరం ‘పి’ అయింది. క్రమం ఎప్పుడూ పెద్దదాని నుంచి చిన్నదానికి, సంవత్సరం ముందు, తేదీ చివర. మన అలవాటు చొప్పున తేదీ ముందు రాస్తే ఫారం వెనక్కి వస్తుంది. సంవత్సరాన్ని చక్రవర్తి శకంలో అడిగితే లెక్క ఇది: 1989 నుంచి హేసే, సంవత్సరంలోంచి 1988 తీసేయండి, 1998 అంటే హేసే 10. 2019 మే 1 నుంచి రేవ, 2018 తీసేయండి. 1989 జనవరి 8కి ముందు పుట్టినవాళ్లది షోవ, 1925 తీసేయాలి.

పోలికల గొడవ

ఆకారం వచ్చాక దాన్ని పోలినవి కళ్లకు అడ్డం పడటం మొదలవుతుంది. లోపల ఒకటికి బదులు రెండు అడ్డగీతలుంటే ‘మె’, కన్ను. పెట్టె నెత్తిన చిన్న ఏటవాలు గీత ఉంటే ‘షిరొ’, తెలుపు. లోపల అడ్డగీతను నిలువుగీత కూడా దాటితే ‘త’, వరిమడి. అడుగు తెరుచుకుని, ఎడమ కాలు బయటికి వంగి, కుడి కాలికి కొక్కెం ఉంటే ‘త్సుకి’, చంద్రుడు. లోపల ఏమీ లేకపోతే ‘కుచి’, నోరు. ఈ ఐదింటినీ ఒకే పేజీలో పక్కపక్కన రాసి, ఒక్కొక్కదాని కింద ఒక మాట రాయండి. విడివిడిగా నేర్చుకుంటే కలిసిపోతాయి, పక్కపక్కన పెడితే విడిపోతాయి. చేతిరాతలో పెట్టెను అడ్డంగా సాగదీయవద్దు, ఆ ఆకారంతో ‘ఇవకు’ అనే వేరే అక్షరం ఉంది. అరుదైనదే, అయినా అలవాటు చెడుతుంది.

మన పెట్టె వేరే అక్షరాల్లో భాగంగానూ కూర్చుంటుంది. చంద్రుడి పక్కన చేరితే ‘వెలుగు’, అషితలో మొదటి అక్షరం అదే. కాలం, ఉదయం, మధ్యాహ్నం, వసంతం, నక్షత్రం, చీకటి అనే అక్షరాల్లోనూ ఉంటుంది. ఎడమ పక్కన భాగంగా ఉన్నప్పుడు ఇంకా సన్నబడుతుంది, గీతల వరస మారదు. తూర్పు అనే అక్షరాన్ని చెట్టు వెనక సూర్యుడిగా చెబుతుంటారు. గుర్తు పెట్టుకోవడానికి బాగుంది గానీ చరిత్ర అది కాదు, మొదట అది రెండు కొసలూ కట్టిన సంచి బొమ్మ.

టైపు చేయడం, మళ్లీ చూడటం

ఫోన్‌లో టైపు చేయడం ఉచిత పరీక్ష. తంజోబి అన్న మాటలో దీర్ఘాన్ని హిరగాన ‘ఉ’తో పూర్తి చేయకపోతే పుట్టినరోజు అనే మాట సాధారణంగా వరసలో కనిపించదు. క్యూజిత్సు కూడా అంతే. అంటే దీర్ఘం తప్పితే కీబోర్డే పట్టిస్తుంది. ఇంగ్లీషు అక్షరాలతో కొట్టేవాళ్లు కొన్నిచివలో ‘ఎన్’ మూడుసార్లు నొక్కాలి. రెండుసార్లే నొక్కితే చాలా కీబోర్డుల్లో ‘కొన్ఇచివ’ వస్తుంది. ఇక్కడ ఇంకో చిక్కు: చివరి ‘వ’ను హిరగానలో ‘హ’ అక్షరంతో రాస్తారు.

పునశ్చరణకు కార్డులు రాసుకోండి, కాగితం మీదైనా సరే, ఆంకి లాంటి యాప్‌లోనైనా సరే. కార్డు ముందువైపు మన అక్షరాన్ని ఒంటరిగా రాసి, వెనక నిచి, జిత్సు, హి, క అని రాయడం అందరూ చేసే పని, ఎవరికీ పనికిరాని పని. కార్డుకు ఒక మాట, వీలైతే చిన్న వాక్యం ఉండాలి. ‘క్యో వ నిచియోబి దెసు’ (ఈరోజు ఆదివారం). ‘తంజోబి వ హత్సుక దెసు’ (పుట్టినరోజు 20వ తేదీ). ‘త్సుగి నొ క్యూజిత్సు వ ఇత్సు దెసు క’ (తర్వాతి సెలవు ఎప్పుడు). ముందువైపు కంజిలో వాక్యం, వెనక హిరగానలో పలుకు, తెలుగులో అర్థం. నేర్చుకున్న మర్నాడు, మూడో రోజు, వారానికి, రెండు వారాలకు చూడండి. తప్పిన కార్డు మళ్లీ మొదటి రోజుకు పోతుంది.

మొత్తం మీద 25 కార్డులు చాలు: వారాలు 7, తేదీలు 1 నుంచి 10 వరకు 10, హత్సుక 1, నిన్న, నేడు, రేపు 3, మైనిచి, తంజోబి, హేజిత్సు, క్యూజిత్సు 4. జపనీస్ ప్రావీణ్య పరీక్షలో మొదటి మెట్టు ఎన్5కు వెళ్లేవాళ్లకు ఇవి దాదాపు అన్నీ పనికొస్తాయి. అక్కడ చేత్తో కంజి రాయమనరు, చూసి గుర్తించాలి. వినికిడి విభాగంలో తేదీల మీద ప్రశ్నలు రావడం మామూలే. కాబట్టి కార్డులు చదివేటప్పుడు పైకి చదవండి.

25 కార్డులూ వరసగా రెండుసార్లు తప్పు లేకుండా వస్తే తర్వాతి అక్షరం చంద్రుడు, ‘త్సుకి’. అదే క్యాలెండర్ చాలు. నెలల పేర్లన్నీ అంకెకు ‘గత్సు’ చేర్చడమే. అక్కడ కాస్త చూసుకోవలసినవి ఏప్రిల్ ‘షిగత్సు’, జులై ‘షిచిగత్సు’, సెప్టెంబర్ ‘కుగత్సు’.